బుజ్జమ్మకు, చందూ చదువు గురించి

బుజ్జమ్మా,

ఇక్కడ అందరం బాగున్నాం. కడపలో ఎండలు ముదిరాయి, నాన్న పొద్దున్నే నడిచి వచ్చేస్తున్నారు. శివమ్మత్త వచ్చి, చందూను ఐఐటీ ఫౌండేషన్ హాస్టల్లో వేస్తున్నారంట కదా అంది. నాకు తెలీదన్నాను. నువ్వేమో ఉగాది తర్వాత ఫోనే చేయలేదు. ఆఫీసు పని ఎక్కువుందేమోలే. చెనక్కాయల పొడి పంపాను, వాడికి నెయ్యి వేసి కలిపి పెట్టు.

పోయిన వేసవిలో వసారాకి బండలు మార్పించాం కదా, అప్పుడు చందూ మేస్త్రీ పక్కనుంచి లేవలేదు. బండ రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు. రెండడుగుల వెడల్పున్న పట్టీని వాటితో ఎన్ని రకాలుగా నింపొచ్చని వాడి ప్రశ్న. పట్టీ పొడవు అడుగైతే ఒకటే రకం, రెండైతే రెండు, మూడైతే మూడు, నాలుగైతే ఐదు, ఐదైతే ఎనిమిది, అన్నీ చాక్‌పీసుతో గీశాడు. పదడుగులకు మాత్రం గీయకుండానే 89 అన్నాడు. ఎట్లా రా అంటే, చివర ఒక బండ అడ్డంగా వేస్తే ఇంకా తొమ్మిదడుగులు నింపాలి, రెండు బండలు పొడుగ్గా జతగా వేస్తే ఎనిమిదడుగులు, ఆ రెండు పొడవులకూ ఎన్నెన్ని రకాలొస్తాయో కూడితే సరి అన్నాడు. పదేళ్ల పిల్లాడు! నేను తెలుగు చెప్పినదాన్ని కదా, నాకు ఛందస్సు గుర్తొచ్చింది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు, ఐదు మాత్రల్ని ఎన్ని రకాలుగా పేర్చొచ్చో రాయమన్నా. మళ్లీ ఎనిమిదే వచ్చింది. ఇటలీలో ఫిబొనాచ్చి 1202లో కుందేళ్ల లెక్కగా రాసిన ఈ సంఖ్యల్నే, అంతకు ముందే మన జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సు కోసం చెప్పాడన్నాను. బండలకీ పద్యానికీ ఒకే లెక్క ఎందుకొచ్చిందని ఆ పూట అన్నం ముందు కూర్చుని కూడా అదే ఆలోచన.

హాస్టల్లో వాణ్ని అలా కూర్చోనిస్తారా? పదో తరగతి లెక్కలు గడియారం పెట్టి చేయిస్తారు. అవి వాడికి వచ్చేస్తాయి, కానీ వాడికి కావాల్సింది ఇంకో క్లాసు సిలబస్ కాదు, ఒకే లెక్క మీద చాలాసేపు తంటాలు పడటం. అల్లుడు టెరెన్స్ టావో పేరు చెబుతుంటాడే, 1988లో అంతర్జాతీయ లెక్కల ఒలింపియాడ్ పోటీలో గోల్డ్ మెడల్ తెచ్చిన పిల్లాడు, అతను కూడా చిన్నప్పుడు లెక్కలకు పెద్ద క్లాసులో, మిగతావాటికి కింది క్లాసుల్లో కూర్చున్నాడు. మీ స్కూల్లో అట్లా అడగండి, వారానికోసారి వాడితో కూర్చుని లెక్కలు మాట్లాడే మాస్టారెవరైనా ఉన్నారేమో చూడండి. ఒలింపియాడ్ మొదటి పరీక్ష ఎలాగూ ఎనిమిదో తరగతి నుంచే, తొందరేముంది? ఇంటర్ అయ్యాక లెక్కలే చదవాలంటే చెన్నైలో సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్) ఉంది, మీ బెంగళూరులోనే ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఉంది. ఐఐటీ ఒక్కటే దారి కాదమ్మా. ఇంటికొచ్చిన వాళ్ల ముందు ఎక్కాలు అడిగించొద్దు, వాడికి నచ్చదు. తోటి పిల్లలతో ఆడుకోనీ, సాయంత్రమైతే నీ దగ్గరే ఉండనీ.

అత్త చెప్పింది నిజమైతే, ఫీజు కట్టేలోపు ఒక్కసారి నాన్నతో మాట్లాడండి. ఫీజు కట్టేసినా సరే మాట్లాడండి. ఇంకోటి, వీడియో కాల్‌లో వాడు పుస్తకం మరీ దగ్గరగా పెట్టుకుని చదువుతున్నాడు. ఈ వారమే కళ్లు చూపించు, అద్దాలు రాస్తే ఫ్రేము గట్టిది తీసుకో, ఆటల్లో విరగ్గొట్టుకుంటాడు.

మీ అమ్మ