ఈ వారం మొక్కజొన్న పిండి ఎందుకు రాదంటే

ముందుగా సారీ. సరుకు లేక కాదు, గోడౌన్‌లో ఉన్న లాట్‌ని మర పట్టించడానికి మాకే మనసొప్పలేదు.

లాట్ దిగిన రోజు ఎప్పటిలాగే రెండు మూడు బస్తాల మూతి విప్పి, పైన చేతికందిన గింజలతో బూజు విషానికి, అదే అఫ్లాటాక్సిన్‌కి, స్ట్రిప్ టెస్ట్ చేశాం. గీత స్పష్టంగా పడింది. (ఈ స్ట్రిప్‌లో కంట్రోల్ గీత పక్కన రెండోది కనిపిస్తే విషం లేనట్టు, చెరిగిపోతే ఉన్నట్టు. ప్రెగ్నెన్సీ టెస్టుకి రివర్స్ అన్నమాట, మొదట్లో మేమూ తికమకపడ్డాం.) మర్నాడు అడుగు వరసలో ఒక బస్తా విప్పితే ముక్క వాసన. ఆ గింజలతో మళ్లీ చేస్తే రెండో గీత అసలు పడనే లేదు.

తప్పు స్ట్రిప్‌ది కాదు, మేము శాంపిల్ తీసిన తీరుది. తేమ తగిలిన మూలలో, పురుగు కొరికిన కొన్ని గింజల్లో విషం పోగుపడుతుంది, పక్క గింజ శుభ్రంగా ఉంటుంది. అమెరికాలో మనుషుల తిండికి పరిమితి 20 పిపిబి, అంటే టన్నుకి 20 మిల్లీగ్రాములు. అంత కొంచెం, అదీ అక్కడక్కడా ఉన్నదాన్ని పైనుంచి తీసిన పిడికెడు గింజల్లో వెతికితే ఏం దొరుకుతుంది?

ఇకనుంచి ప్రతి బస్తాలో పొడవాటి గొట్టం గుచ్చి పైన, మధ్యలో, అడుగున గింజలు తీస్తాం. అన్నీ కలిపి ఐదు కిలోలైనా మెత్తగా ఆడించి, ఆ పిండిలోంచే టెస్టుకి తూస్తాం. గింజలుగా ఉన్నప్పుడు కాస్త తీసి అది మాత్రమే ఆడిస్తే మళ్లీ పాత కథే. అనుమానం ఉన్నవి ల్యాబ్‌కి వెళ్తాయి, అందుకే ఆలస్యం.

ఇంతకుముందు మీరు కొన్న లాట్లు పాత పద్ధతిలో పాసైనవే. దాచిన పిండి శాంపిళ్లు ల్యాబ్‌కి పంపాం, రిపోర్టులు ఎలా వచ్చినా ఇక్కడే పెడతాం. అప్పటిదాకా ఆ పిండి వాడకండి, టెన్షన్‌గా ఉంటే తిరిగివ్వండి, డబ్బు వెనక్కిస్తాం. బాగా ఉడికిస్తే పోతుంది కదా అని చాలామంది అడుగుతున్నారు, పోదు. బూజు చస్తుందేమో గానీ విషం మామూలు వంట వేడికి పెద్దగా తగ్గదు.

ఆగిన లాట్‌ని దాణాకైనా అమ్మేయమని ఒకరు సలహా ఇచ్చారు. ఆవు తింటే అదే విషం రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది, దాన్నే ఎం1 అంటారు. అందుకే అమ్మట్లేదు.