పొగ కంటే పదును ముఖ్యం

ఒరేయ్ శీనూ,

పైపు పొగాకుకి ఇంట్లోనే పొగ పెట్టుకుంటానన్న నీ ఉత్తరం నిండా కట్టె గోలే. ఏ కట్టె మంచిది, ఎంత కావాలి, చితుకులా దుంగలా అని. దాని సంగతి తర్వాత చూద్దాంలే. పొగాకు పదునులో, అంటే సరైన తేమలో, లేకపోతే గంధపు చెక్క కాల్చినా దండగే.

పచ్చి ఆకుకి మాత్రం పొగ పెట్టకు. అమెరికాలో కెంటకీ రైతులు పెట్టట్లేదా అంటావు. వాళ్ళు కొట్టంలో వేలాడదీసిన ఆకుని ముందు కొన్ని రోజులు పసుపెక్కనిచ్చి, ఆ తర్వాతే వేడి మెల్లిగా పెంచుకుంటూ పోతారు. అట్టపెట్టెలో అంత ఓపికగా వేడి నిలపడం కుదరదు. నువ్వు లటాకియా దారి పట్టు, అదే, పొగబెట్టిన నల్లటి పైపు పొగాకు. సైప్రస్‌లో ఇజ్మీర్ రకం చిన్నాకుని ఎండలో ఆరబెట్టి, రంగు తిరిగాకే పొగలో కడతారు. పచ్చదనం పోకముందే ఆకు ఎండిపోతే ఆ పచ్చ అందులోనే నిలిచిపోతుంది. అప్పుడిక ఎంత పొగ పెట్టినా గడ్డి కాల్చినట్టే ఉంటుంది.

పదును చూడ్డానికి చేతిని నమ్మకు, త్రాసు పెట్టుకో. పెళపెళలాడే ఎండు ఆకు 200 గ్రాములు తూచి, నీళ్ళు సన్నగా చిలకరించి, మూతపెట్టిన డబ్బాలో రాత్రంతా ఉంచు. పొద్దున్నకి మొత్తం 225–230 గ్రాములు తూగితే సరిపోయింది. గుప్పిట్లో నలిపి వదిలితే విరగకుండా మెల్లిగా విచ్చుకోవాలి. పొగలో వాసననిచ్చే పదార్థాలు తడి ఉన్న ఆకులోకే బాగా దిగుతాయి. ఎండాకు మీద అవి పైపైన మసిలా ఆగిపోతాయి. అలాగని నీళ్ళు కారేట్టు తడిపావో, బూజు ఖాయం. తడాకు పట్టుకునేటప్పుడు చేతికి తొడుగులు వేసుకో. నికోటిన్ చర్మంలోంచి ఎక్కి కడుపులో తిప్పుతుంది.

ఇక పెట్టె. నిప్పు ఒకచోట, ఆకు ఒకచోట ఉండాలి. మధ్యలో మీటరున్నర, రెండు మీటర్ల ఇనప గొట్టం. జింకు పూత ఉన్నది నిప్పు దగ్గర పెట్టకు, వేడెక్కితే చెడ్డ ఆవిరి వస్తుంది. ఆకు పెట్టెగా పాత చెక్క అలమరా అయినా, పెద్ద అట్టపెట్టె అయినా పనికొస్తుంది. పొగ కింద నుంచి దూరాలి, పైన అరచేయి పట్టేంత కన్నం ఎప్పుడూ తెరిచే ఉండాలి. చాలామంది పొగ వృథా అవుతుందని ఆ కన్నం మూసేస్తారు. సగం ఆకు పాడయ్యేది అక్కడే! కదలని పొగ చల్లబడి, గోధుమరంగు చుక్కలుగా ఆకు మీద కారుతుంది. ఆ జిగురు ఒకసారి పట్టిందంటే వదలదు, నాలుక మీద తారు పూసినట్టే. ఆకులు ఒకదానికొకటి తగలకుండా తాడుకి గుచ్చు. ఆకుల ఎత్తులోనే థర్మామీటరు వేలాడదీసి 30–35 డిగ్రీల దగ్గర ఉంచు. 45 దాటితే పదును పోయి ఆకు పొడి పొడి అవుతుంది. ఇదంతా ఆరుబయటే, ఇంట్లో గానీ షెడ్డులో గానీ వద్దు. నిప్పులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

ఇదిగో నీ కట్టె. ఓక్ గానీ, పండ్ల చెట్ల కలప గానీ, ఏడాదైనా ఆరినది. తడి కట్టె తెల్లగా, దట్టంగా పొగ కక్కుతుంది. అది చూసి మురిసిపోకు. మనకి కావలసింది పల్చటి నీలి పొగ. రంపపు పొట్టుని వల తట్టలో చాలుగా పోసి ఒక కొస అంటిస్తే మంట లేకుండా గంటల తరబడి రాజుకుంటుంది. సైప్రస్‌లో మస్తికీ, మిర్టిల్ లాంటి వాసన పొదలు వాడతారు. అవి దొరక్కపోతే ఎండు రోజ్‌మేరీ రెమ్మలు పొట్టులో పదో వంతు కలుపు. జిగురు కారే పైన్ ఎక్కువైతే ఘాటు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ దగ్గరికే రానీకు.

ఒక్క బిగిన పెట్టేయకు. మూడు నాలుగు గంటలు పొగ, తర్వాత రోజంతా గాలి, మళ్ళీ పదునుకి తెచ్చి మళ్ళీ పొగ. ప్రతి విడతకీ ఒక ఆకు తీసి, అంకె వేసి చిన్న సీసాలో దాచు. ఎక్కడ ఆపాలో నీ ముక్కుకి ఆ సీసాలే చెబుతాయి. ఎనిమిది పది విడతలకి ముదురు గోధుమరంగు, మంచి వాసన వస్తాయి. నల్లటి లటాకియాకి నెలలు పడుతుంది, ఆ పంతం మొదటిసారికి వద్దు.

దించగానే పైపులో కూరేస్తావని తెలుసు. ఆగు. అప్పుడు కళ్ళు మండే ఘాటు తప్ప రుచి తెలీదు. రెండు మూడు రోజులు గాలికి ఆరేసి, ఈనె తీసి, కాస్త పదునుతో సీసాలో నెల ఉంచు. మూత తీయగానే అమ్మోనియా కొడితే ఆకు ఇంకా మగ్గలేదన్నమాట, తెరిచి ఆరనివ్వు. దూదిలాంటి తెల్లటి నూగు కనిపిస్తే బూజే, సీసా మొత్తం పారెయ్.

కలిపేటప్పుడు 30 గ్రాముల పొగాకుకి 18 వర్జీనియా, 9 తూర్పు రకం (ఇజ్మీర్ లాంటి చిన్నాకు), 3 మనం పొగబెట్టింది. ఇంట్లో చేసింది డబ్బా లటాకియాలా మెత్తగా ఉండదు, మూడు గ్రాముల ఘాటే పొమ్మన్నా పోదు. చాలదనిపిస్తే తర్వాతి సీసాలో ఐదుకి పెంచి, ఆ రెండూ వర్జీనియాలోంచి తగ్గించు. ఇంకోటి, మామూలు పొగాకు కంటే పొగబెట్టిన ఆకులో క్యాన్సర్ కారకాలు ఇంకా ఎక్కువ. కాలిస్తే ఎప్పుడో ఒకటి, అంతే.

పొగబెట్టిన ఆకు సీసాల రబ్బరు చుట్లు విడిగా పెట్టుకో. ఎంత కడిగినా వాసన పోదు, వాటిని వేరే పొగాకుకి వాడితే అదీ లటాకియానే అవుతుంది.

ఉంటా మరి,
నీ వెంకి