పది తూటాలు కాల్చి చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో విదేశీ వేట రైఫిళ్ళ మీద వేసిన వ్యాసం చదివాను. లక్షలు పోసి కొన్న బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు (గడియలాంటి బోల్టుని చేత్తో లాగి తూటా ఎక్కించేది) ఉన్న వాల్‌నట్ చెక్క జీరలనూ, లోహం మీది నగిషీనీ చూపించి ‘నాణ్యత అంటే ఇదీ’ అని రాశారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. మాధవరం అంత పేరున్న మిలట్రీ ఊరు కాకపోయినా, పాలకొల్లు దగ్గర మా పల్లె నుంచీ సైన్యానికి వెళ్ళినవాళ్ళం ఉన్నాం. నేను సైన్యం మరమ్మతుల విభాగం ఈఎంఈలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. ఇషాపూర్ కార్ఖానాలో చేసిన పాత బోల్ట్ రైఫిల్ మొదలు మన సైన్యం ఇన్సాస్ రైఫిల్ దాకా విప్పి బిగించినవాణ్ణి.

పోయినేడాది టెక్సాస్‌లో అమ్మాయి దగ్గర ఆరు నెలలున్నాను. అల్లుడుగారు అక్కడి పౌరులు. జింకల వేటకని 4,000 డాలర్లు పెట్టి కొత్త రైఫిల్ కొన్నారు, నన్ను రేంజికి తీసుకెళ్ళారు. విజిటర్ వీసా మీద వెళ్ళినవాణ్ణి కాబట్టి నేను దాన్ని ముట్టుకోలేదు, చేతులు కట్టుకుని బెంచీ వెనక కూర్చున్నాను. 100 గజాల దూరంలో మొదటి మూడు గుళ్ళూ అంగుళం లోపలే పడ్డాయి. ఆయన మొహం వెలిగిపోయింది. ఇంకో ఏడు కాల్చమన్నాను. బ్యారెల్ వేడెక్కేకొద్దీ గుళ్ళు కుడివైపుకి జరుగుతూ పోయి గ్రూపింగ్ (గుళ్ళు పడ్డ చోటి వెడల్పు) మూడంగుళాలు దాటింది. పక్క బెంచీలో ఆయన స్నేహితుడు 700 డాలర్ల ప్లాస్టిక్ బట్ రైఫిల్‌తో పదికి పదీ అంగుళంన్నరలో పెట్టాడు.

లోపం పట్టడానికి కాగితం ముక్క చాలు. బ్యారెల్‌కీ కింది చెక్కకీ మధ్య కాగితం దూర్చి వెనక్కి లాగితే అడ్డం లేకుండా జారాలి. (కొన్నింటికి చెక్క కొసన కావాలనే ఒత్తిడి పెడతారు, అది వేరే లెక్క.) అల్లుడుగారి దాంట్లో ఎడమపక్క సగం దారిలోనే ఇరుక్కుంది. వేడెక్కిన బ్యారెల్‌ని చెక్క అటునుంచి తోస్తోందన్నమాట. శ్రావణంలో మా ఇంటి వీధి తలుపు ఉబ్బి గడియ పడదు. వాల్‌నట్ అయినా చెక్క చెక్కే, తేమకి ఉబ్బుతుంది. ఆ నాలుగు వేలల్లో పెద్ద వాటా పోసింది మాత్రం ఆ చెక్కకే!

చవక రైఫిల్ అంత బాగా ఎలా కాలిందంటే, బ్యారెల్ చేసే పద్ధతి మారింది. ఇప్పుడు చాలాచోట్ల లోపల ఒక కడ్డీ పెట్టి, చుట్టూ యంత్రం సుత్తులతో బాది, మెలికల గాడులు దించేస్తారు. ఒకప్పుడు మంచి పనివాడి చేతిలో మాత్రమే ఉన్న సూటిదనం ఇప్పుడు చవకగానే వస్తోంది.

అలాగని ఖరీదంతా దండగ అనను. 1936లో వచ్చిన అమెరికా రైఫిల్ వించెస్టర్ మోడల్ 70కి, జర్మనీ మౌజర్ 98కి ఉన్నట్టే, పెద్ద పంజాలాంటి ఎక్స్‌ట్రాక్టర్ (తూటాని పట్టి లాగే కొక్కెం) ఉండేది. మ్యాగజైన్ నుంచి లేచిన తూటాని అక్కడే పట్టుకుని చాంబర్ (బ్యారెల్ మొదట్లో తూటా కూర్చునే గది) దాకా వదిలేది కాదు. 1964లో ఖర్చు తగ్గించుకోడానికి ఆ పంజా తీసేశారు, చెక్క మీద పట్టుకోసం చెక్కే గళ్ళ బదులు అచ్చు ఒత్తారు. వేటగాళ్ళు గగ్గోలు పెట్టారు. అంతకు ముందు తయారైనవాటికి ఇప్పటికీ ఎక్కువ ధర పలుకుతుంది. ఎలుగుబంటి మీదికొచ్చేచోట అలాంటి పంజాకి డబ్బు పెట్టడంలో అర్థముంది. నగిషీకి పెట్టడం ముచ్చట.

కొనేముందు చాంబర్ ఖాళీగా ఉందో లేదో చూసుకుని, బోల్టు తలకున్న రెండు లగ్గుల (మూసినప్పుడు బోల్టుని బిగించి పట్టే ముక్కల) వెనకవైపు మార్కర్ సిరా పూసి పదిసార్లు మూసి తెరవాలి. సిరా రెండింటి మీదా చెరగాలి. ఒకదాని మీదే చెరిగితే పేలుడు దెబ్బంతా అదొక్కటే మోస్తుంది. ట్రిగ్గర్ ఎండు కొబ్బరి ఈనె విరిగినట్టు పుటుక్కుమనాలి, సాగకూడదు. నా లెక్కలో 1,500 డాలర్లు దాటాక పెట్టేదంతా చెక్కకీ, పేరుకీ. పుస్తెలమ్మి పులస తినమనే ఊళ్ళ వాళ్ళం, పెట్టుకోవద్దని నేనెలా అంటాను? కానీ పులస కొనేవాడు కూడా మొప్పలెత్తి చూస్తాడు కదా.

ఇంకో మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవిజంతువుల వేట నేరం. లైసెన్సున్నవాళ్ళ దగ్గర కూడా తరచుగా కనబడే రైఫిల్ మన ఇషాపూర్ .315, అదీ ఎన్నికలొస్తే చాలామంది స్టేషన్లో అప్పగించి రావాలి. మీ వ్యాసంలో ఆ ముక్కే లేదు, కుర్రాళ్ళు చదువుతారు.

అల్లుడుగారు రైఫిల్ వెనక్కి పంపిస్తే కంపెనీవాళ్ళు చెక్క గాడి చెక్కి తిరిగి పంపారు. మొన్న ఫోన్ చేసి, “మామయ్యగారూ, మూడూ ఒకేచోట పడ్డాయండీ” అన్నారు.

“మిగతా ఏడూ కాల్చారా?” అనడిగాను.

ఇట్లు,
ఒక విశ్రాంత హవల్దారు,
పాలకొల్లు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా