చలానా పేరుతో వచ్చే ఫైలు

సంపాదకులకు నమస్కారం.

మా గాజువాకలో పక్కింటాయనకు ఈమధ్య వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా పేరిట ఒక ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు, వచ్చింది. ఆయన బండి బయటకు తీసి ఏడాదైంది! అయినా భయపడి నొక్కబోయారు. అలాంటి ఫైలును ఇన్‌స్టాల్ చేసి, సందేశాలు చదివే అనుమతి ఇచ్చామా, బ్యాంకు పంపే ఓటీపీ నేరుగా మోసగాడికి చేరుతుంది. చలానా ఉందో లేదో ప్రభుత్వ ఈ-చలాన్ వెబ్‌సైటులో బండి నంబరుతో చూసుకోవచ్చు. ఫైలుతో పనే లేదు. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలన్న సంగతి మా వీధిలో చాలామందికి తెలియదు. ఆ నంబరును రైతుబజార్లలో, ద్వారకా బస్ స్టేషన్‌లో పెద్ద అక్షరాలతో రాయించాలని నగర పోలీసులను కోరుతున్నాను. సినిమా పోస్టర్లకు దొరికే గోడ దీనికి దొరకదా?

— ఒక విశ్రాంత ఉద్యోగి, గాజువాక, విశాఖపట్నం