బండి సంగతి తర్వాత, ముందు జవాబు చెప్పండి

గుంటూరు,
జనవరి 2026.

కస్టమర్ కేర్ విభాగం ప్రధానాధికారి గారికి,

విషయం: ఫోర్ బై ఫోర్ బండి బుకింగ్‌కు డెలివరీ ఇవ్వకుండా, సమాధానం చెప్పకుండా తిప్పించుకోవడం గురించి.

అయ్యా,

పోయిన ఉగాదికి మీ షోరూములో అడ్వాన్సు కట్టి, నాలుగు చక్రాలకూ పవర్ అందే ఫోర్ బై ఫోర్ డీజిల్ బండి బుక్ చేశాను. మళ్లీ ఉగాది దగ్గర పడుతోంది, బండి మాత్రం రాలేదు. ఆలస్యాన్ని ఇన్నాళ్లూ ఓర్చుకున్నాను. మీ మనుషులు నన్ను పట్టించుకోని తీరునే ఓర్చుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. డబ్బు కట్టిన మనిషి ఫోన్ చేస్తే ఎత్తరు. షోరూముకు వస్తే కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తారు. సమాధానం మాత్రం ఇవ్వరు.

బుక్ చేసిన రోజు మీ సేల్స్ కుర్రాడు "వినాయక చవితికి బండి మీ ఇంటి ముందుంటుంది సార్" అన్నాడు. చవితికి వెళితే ఆ కుర్రాడు ఉద్యోగం మానేశాడని చెప్పారు. అతని స్థానంలో వచ్చినాయనకు నా బుకింగ్ గురించి ఏమీ తెలియదు. రసీదు మళ్లీ చూపించి కథంతా మొదటి నుంచి చెప్పుకున్నాను. అంతా విని "చైనా నుంచి మాగ్నెట్లు ఆగిపోయాయి సార్" అన్నాడు. 2025 ఏప్రిల్లో చైనా, బండ్ల మోటార్లలో వాడే రేర్ ఎర్త్ మాగ్నెట్ల ఎగుమతికి ఆంక్షలు పెట్టిందని నేనూ పేపర్లో చదివాను కాబట్టి నమ్మాను. దసరాకు ఖాయమన్నాడు.

సెప్టెంబరు 22న జీఎస్టీ మారి రేట్లు తగ్గగానే మాట కూడా మారింది. "ఆలస్యమైనా మీకు లాభమే కదా సార్, ఇప్పుడు బుకింగులు ఎక్కువైపోయి డెలివరీలు లేటవుతున్నాయి" అన్నారు. సెప్టెంబరులో బుక్ చేసినవాళ్లు ఉగాదికి బుక్ చేసిన నాకంటే ముందు ఎలా వస్తారు? ఈ ప్రశ్న మీ షోరూములో ఎంతమందిని అడిగానో నాకే గుర్తులేదు. పన్ను తగ్గించింది ప్రభుత్వం. మీరు బండి ఆపినందుకు నేను మీకు రుణపడాలా?

దీపావళికి బండి ఎలక్ట్రానిక్ పార్టుల్లో ఉండే చిప్పుల మాట ఎత్తారు. నెదర్లాండ్స్‌లోని నెక్స్‌పీరియా అనే కంపెనీని అక్కడి ప్రభుత్వం తన అదుపులోకి తీసుకోవడం, చైనా తన దగ్గరి ఫ్యాక్టరీ నుంచి ఆ చిప్పులు బయటికి పోకుండా ఆపడం నిజంగా జరిగినవే. అందుకే అడిగాను, నా బండిలో ఆగిపోయిన పార్టు ఏదని. స్టీరింగ్ మోటారా, ఎయిర్‌బ్యాగుల కంట్రోల్ యూనిట్టా, నాలుగు చక్రాలకూ పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేసా? పేరు చెబితే నాకు సగం టెన్షన్ తగ్గేది. "అది కంపెనీ మాకు చెప్పదు సార్" అన్నాడు మీ మేనేజరు. ఆ మాట అనేటప్పుడు ఆయన కంప్యూటర్ స్క్రీన్ నాకు కనపడకుండా పక్కకు తిప్పి పెట్టుకున్నాడు. నా బుకింగ్ నంబరు, నా వరస అందులోనే ఉన్నాయి. చూపించమంటే "అలాట్‌మెంట్ లిస్టు బయటివాళ్లకు చూపించం" అన్నాడు. డబ్బు కట్టేటప్పుడు నేను బయటివాణ్ణని ఎవరూ అనలేదు.

అదే రోజు, అదే షోరూములో, నేను కోరుకున్న రంగు బండికే దండ వేసి, ముందు కొబ్బరికాయ కొట్టి ఎవరికో తాళాలు ఇస్తున్నారు. ఆ కుటుంబం మీద నాకు ఏ కోపమూ లేదు, వాళ్ల పిల్లలు ఆ బండి చుట్టూ ఎంత సంబరంగా తిరుగుతున్నారో చూశాను. ఎప్పుడు బుక్ చేశారని వాళ్లనే అడిగితే నా తర్వాతేనని తేలింది. మీవాళ్లను నిలదీస్తే "అది టాప్ వేరియంట్ సార్, దానికి పార్ట్స్ ఉన్నాయి. మీరు కూడా దానికి మారిపోతే ఈ నెలలోనే ఇప్పిస్తాం" అన్నారు. చిప్పులు కరువైనప్పుడు ఉన్న చిప్పుల్ని ఖరీదైన మోడళ్లకు మళ్లించడం 2021 నుంచీ ప్రపంచమంతా చూస్తున్నదే. చేస్తే చేశారు, ఆ మాట మాకు ముఖం మీద చెప్పండి. మాగ్నెట్లనీ జీఎస్టీ అనీ చిప్పులనీ పండగకో కారణం ఎందుకు?

ఇక మీ టోల్ ఫ్రీ నంబరు. తెలుగుకు ఒకటి నొక్కమంటే నొక్కాను, అవతలి అమ్మాయి హిందీలో మాట్లాడింది. నా వచ్చీరాని హిందీలో మొత్తం చెప్పుకుంటే "24 నుంచి 48 గంటల్లో మా టీం మీకు కాల్ చేస్తుంది" అంది. కాల్ రాలేదు గానీ మర్నాడే మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించి ముగించామని. కింద మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని ప్రశ్న. ఆ మెసేజ్ చూసి నాకు చేతులు వణికాయి. మళ్లీ ఫోన్ చేస్తే కొత్త మనిషి, కొత్త ఫిర్యాదు టికెట్, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవడం. మీరేమో డీలర్ని అడగమంటారు, డీలరేమో అంతా కంపెనీ చేతిలోనే ఉందంటాడు. మీ ఇద్దరి మధ్య నన్ను బంతిలా తన్నుకుంటున్నారు.

ఈ బండి నేను షోకుకు కొనడం లేదు. ప్రత్తిపాడు దగ్గర మా మిరప తోటలకు వెళ్లే డొంక మొత్తం నల్లరేగడి. వాన పడిందంటే మామూలు కారు చక్రం సగానికి దిగబడుతుంది. అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానలకు తోటలో నిలిచిన నీళ్లు తీయించాలని బయల్దేరితే కారు డొంక మొదట్లోనే ఆగిపోయింది. మోకాలి లోతు బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని పోయాను. మా ఆవిడ ఫోన్ చేసి "ఆ బండి వచ్చుంటే ఈ పాటికి ఇంటికొచ్చేవారు" అంటే నా దగ్గర మాట లేదు. మీ షోరూము ఏసీలో కూర్చున్నవాళ్లకు ఇది తెలియాల్సిన పని లేదేమో, బుకింగ్ తీసుకున్న కంపెనీకి తెలియాలి. ఇప్పుడు కోతలు మొదలయ్యాయి. కూలీలకు భోజనాలు, మంచినీళ్లు చేర్చాలి, కళ్లాల దగ్గర కాపలా ఉండాలి, రోజూ ఆ దారిన తిరగాలి.

మా ఇంట్లో ఇది మీ కంపెనీ మూడో బండి. మొదటిది మా నాన్నగారు కొన్నారు, రెండోది నేను. మా ఊళ్లో కారు కొనాలనుకున్నవాడు నన్ను అడిగితే మీ పేరే చెప్పేవాణ్ణి. నా మాట మీద బుక్ చేసినవాళ్లు ఉన్నారు, వాళ్ల ముందు నేను తల దించుకోవాల్సి వస్తోంది.

చిప్పులు దొరకనప్పుడు ఏం చేయాలో చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. 2022 అక్టోబరులో టయోటా జపాన్‌లో బండితో ఇచ్చే రెండు స్మార్ట్ (చిప్పు ఉండే) తాళాల్లో ఒకదాని బదులు మామూలు తాళం ఇస్తామని బహిరంగంగా ప్రకటించింది. కొరత ఏమిటో చెప్పారు, బండి చేతికిచ్చారు, రెండో తాళం తర్వాత ఇస్తామన్నారు. నాకూ అలాంటి మాట ఒకటి చెప్పి ఉంటే, లేని పార్టు తర్వాత బిగించుకోవచ్చనే రకమైతే, సంతోషంగా తీసుకునేవాణ్ణి.

నా వరస ఎంత, ఏ పార్టు ఆగింది, బండి ఏ తేదీన ఇస్తారు, ఈ మూడూ కాగితం మీద ఇవ్వండి. బుక్ చేసిన వేరియంటే కావాలి, టాప్ వేరియంట్ నాకు వద్దు. కొత్త సంవత్సరం రేటు పెరిగిందని పైసా ఎక్కువ అడిగినా ఒప్పుకోను. తేదీ చెప్పలేకపోతే అడ్వాన్సు వడ్డీతో సహా వెనక్కి ఇవ్వండి. అడ్వాన్సు రద్దు చేసుకుంటే కొంత కోత పడుతుందని మీవాళ్లు నసిగారు. మాట తప్పింది మీరైతే కోత నాకెందుకు?

ఈ నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న చోటే కేసు వేయొచ్చు, మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా గుంటూరు జిల్లా కమిషన్ ముందు జవాబు చెప్పాల్సిందే. రసీదు, మెసేజ్‌లు, మీవాళ్లు పెట్టిన వాట్సాప్‌లు అన్నీ దాచి ఉంచాను, వకీలుతో మాట్లాడాను. అప్పటికీ కదలకపోతే మిర్చి యార్డులో నాకు తెలిసిన ప్రతి రైతుకూ, ప్రతి కమీషన్ వ్యాపారికీ ఈ ఉత్తరం కాపీ ఇస్తాను.

మళ్లీ టికెట్ నంబరు పంపి చేతులు దులుపుకోవద్దు. ఫోన్లో మాట నాకు అక్కర్లేదు. బాధ్యత గల అధికారి సంతకంతో ఉత్తరం పంపండి.

ఇట్లు,
ఉగాది నాటి బుకింగ్ కస్టమర్,
మిర్చి రైతు, గుంటూరు.