ఎలుకకు పెట్టిన మందు ఎలుకతో ఆగదు

సంపాదకుడికి,

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది. ఆ వెంటే హైదరాబాద్ శివారు కాలనీల్లో రెండు పనులు మొదలవుతాయి. ఇళ్లలోనేమో ఉగాదిలోపు వేసుకోవాల్సిన బెండ, బీర, సొర, గోరుచిక్కుడు విత్తనాలు బయటికి వస్తాయి. వీధిలోనేమో చాలా కాలనీ సంఘాలు ‘వేసవి శుభ్రత’ పేరిట ఖాళీ ప్లాట్లలో పొదలకు నిప్పు పెట్టించి, పార్కు గోడల వెంట, మురుగు కాలువల వెంట ఎలుకల మందు పెట్టిస్తాయి. ఈ రెండో పని జరుగుతున్న తీరు మారాలి. దానివల్ల ఎలుకలు తగ్గడం లేదు సరికదా, ఎలుకల్ని తినేవీ, వాటితో సంబంధం లేని ఇంటి కుక్కలూ పిల్లులూ పోతున్నాయి.

పార్కు గోడ మూలన పడి ఉండే నీలం ఎలుకల మందు బిళ్లను ఒకసారి దగ్గరగా చూడండి. ధాన్యపు నూకను మైనంలో కలిపి అచ్చు పోసినది. అందులో బ్రోమడియోలోన్ అనే విషం ఉండేది 0.005 శాతమే. శరీరంలో విటమిన్ ‘కె’ తిరిగి వాడుకలోకి వచ్చే దారిని అది మూసేస్తుంది. ఉన్న నిల్వ అయిపోయేదాకా రక్తం గడ్డకడుతూనే ఉంటుంది కాబట్టి, తిన్న రోజు కుక్క మామూలుగానే తోక ఊపుతూ తిరుగుతుంది. మూడో రోజుకో ఐదో రోజుకో చిగుళ్లు పాలిపోతాయి, ఆయాసం వస్తుంది, ముక్కు నుంచి రక్తం కారుతుంది, మలం నల్లగా పడుతుంది. అప్పటికి ఆ బిళ్ల సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. దీనికి విరుగుడుంది, విటమిన్ కె1. అయితే రెండు ఇంజెక్షన్లు చేయించి, తేరుకుంది కదా అని మానేస్తేనే చిక్కు. తిన్న ఎలుకల మందు కాలేయంలో వారాల తరబడి నిలవ ఉంటుంది. మూడు నాలుగు వారాలు కె1 మాత్రలు వేసి, ఆపిన 48 నుంచి 72 గంటల తర్వాత రక్తం గడ్డకట్టే సమయం పరీక్ష చేయించాలి. గండం గడిచిందో లేదో చెప్పేది ఆ పరీక్షే.

నూకలకు నూనె పట్టించి కలిపే నల్లటి పొడి, జింక్ ఫాస్ఫైడ్, పని చేసే తీరు వేరు. కడుపులోని ఆమ్లం తగలగానే అందులోంచి ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది. గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది, విరుగుడు లేదు. మన ఇంటివైద్యం ఎదురు తిరిగేది ఇక్కడే. పాలు, అన్నం, గుడ్డు ఏది పెట్టినా కడుపులో ఆమ్లం ఊరి వాయువు ఇంకా పుడుతుంది. ఉప్పునీళ్లు పట్టించి కక్కించబోతే ఆ ఉప్పే మరో విషమవుతుంది. ఏమీ పెట్టకుండా, మందు కవరో దాని ఫొటోనో చేతపట్టుకుని పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తడమే పని. దారిలో కుక్క కారులో కక్కితే కిటికీలన్నీ దించాలి. వెల్లుల్లి లాంటి ఆ వాసన పీల్చిన మనుషులకూ ముప్పే.

బిళ్ల తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు. నాలుగైదు రోజులు మందకొడిగా, పట్టపగలు కూడా తిరుగుతూ ఉంటుంది. గుడ్లగూబకూ జెర్రిపోతుకూ ముంగిసకూ వీధి పిల్లికీ అంత తేలిగ్గా దొరికే తిండి ఇంకోటి ఉండదు. అలాంటివి నాలుగైదు తిన్న గుడ్లగూబ కడుపులోకి మందు కూడా చేరుతుంది. రాత్రంతా జీతం లేకుండా ఎలుకలు పట్టే గుడ్లగూబను మందు పెట్టి పోగొట్టుకుని, మళ్లీ ఎలుకలు పెరిగాయని ఇంకో డబ్బా మందు కొంటున్నాం.

ఇక నిప్పు. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దాని చుట్టూ ఇప్పుడు కాలనీలే. గట్టు మీది ముంగిసకు మన హద్దురాళ్లు కనబడవు, ఖాళీ ప్లాటు దానికి చెరువులో భాగమే. ప్లాటును నాలుగు వైపులా అంటిస్తే తొండలు, నేల మీద గుడ్లు పెట్టే తీతువు పిట్టల గూళ్లు బూడిదవుతాయి. బతికి బయటపడిన ఎలుకలూ, వాటి వెంట పాములూ పక్కింటి మెట్ల కిందికి చేరతాయి. మర్నాడు ‘కాలనీలో పాము’ అని ఫోన్లు మొదలవుతాయి. బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులోనే నిషేధించింది. మామూలుగా కాలిస్తే రూ.5,000, పెద్ద ఎత్తున కాలిస్తే రూ.25,000 జరిమానా. అయినా ఫాల్గుణం రాగానే పొగ లేస్తూనే ఉంటుంది.

ప్లాటు శుభ్రం చేయొద్దని మేమనడం లేదు. పొదను కొట్టడానికీ ఒక పద్ధతుంది. రోడ్డు వైపు మొదలుపెట్టి చెరువు వైపో, పెద్ద పొద వైపో ఒకే దిక్కుగా కొట్టుకుంటూ పోవాలి. లోపలున్నవాటికి పోయే దారి ఉంటుంది. చుట్టూ కొట్టి నడుమ పొద మిగిల్చితే అన్నీ అందులోనే ఇరుక్కుంటాయి. ముందు కర్రతో నేల తట్టి, మొదటి రోజు జానెడు ఎత్తు ఉంచి, రెండో రోజు మొదలంటా కోయాలి. కూలీలకు మోకాళ్లదాకా బూట్లు ఇవ్వాలి. ఈ ఒక్క ఖర్చు దగ్గరే చాలా సంఘాల చేతులు ముడుచుకుంటాయి.

కోసిన చెత్తకూ, ఈ నెలల్లో కానుగ, వేప రాల్చే ఆకుకూ పార్కు మూలన 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గుంత చాలు. అరడుగు మందం ఆకు, దాని మీద బకెట్ నీళ్లలో కలిపిన రెండు మూడు కిలోల పేడ, మళ్లీ ఆకు. గుప్పెట్లో పిండితే నీళ్లు కారకూడదు, అరచేయి మాత్రం తడవాలి. ఎండలకు ఆరిపోయిందంటే ఆకు ఆకులాగే ఉండిపోతుంది. గుంత పనిచేయలేదని అందరూ వదిలేసేది ఇందుకే. టేకు, బాదం ఆకులు ముక్కలు చేసి వేయాలి. 15 రోజులకోసారి తిరగేస్తే మృగశిర కార్తె నాటికి వానాకాలం మొక్కలకు ఎరువు సిద్ధం. వండిన అన్నం, మాంసం ముక్కలు అందులో పడితే ఎలుకలు వస్తాయి, వాటి కోసం పాము వస్తుంది. తిరగేసేటప్పుడు చేతులు పెట్టకుండా పొడుగు పిడి పార వాడాలి.

ఎలుకల సంగతికి వస్తే, ముందు తిండి ఆపాలి. ఇక్కడ తప్పు కుక్కలు పెంచేవాళ్లది కూడా. కుక్క సగం తిని వదిలిన గిన్నె రాత్రంతా గేటు దగ్గర ఉంటే అది ఎలుకల సత్రమే. పావురాలకు చల్లే గింజలూ అంతే. సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూయండి. పొద్దున్నకు మళ్లీ తెరుచుకున్నవాటిలోనే ఎలుకలున్నట్టు. వాటికి బోను పెట్టి, ఖాళీ అయ్యాక కంకర కలిపిన సిమెంటుతో పూడ్చాలి. గొట్టాల నోళ్లకు పావు అంగుళం కన్నున్న ఇనుప జాలి బిగించాలి. అప్పటికీ మందు తప్పదంటే తాళం వేసే డబ్బాలో, బిళ్లను లోపలి కడ్డీకి గుచ్చి, డబ్బాను గోడకు బిగించి పెట్టాలి. చచ్చిన ఎలుకల్ని రోజూ తొడుగులు వేసుకుని ఏరి, రెండడుగుల లోతున పాతాలి. జిగురు అట్టలు మాత్రం ఆరుబయట వద్దే వద్దు. వాటికి ఎలుక కన్నా ముందు బల్లి, తొండ, పిట్ట అంటుకుంటాయి. అంటుకున్నదాన్ని లాగితే చర్మం ఊడుతుంది. వంటనూనె కొద్దికొద్దిగా రాస్తూ విడిపించాలి.

తోటలు వేసేవాళ్లం మేమూ శుద్ధపూసలమేమీ కాదు. నర్సరీలో ‘బలం’ అని అంటగట్టే ఆముదపు పిండిలో రిసిన్ అనే విషం ఉంటుంది. ఎముకల పొడి కలిపితే ఆ వాసనకు కుక్క కుండీ తవ్వి మరీ తింటుంది. వాంతులు, రక్త విరేచనాలు పట్టుకుంటాయి. దాని బదులు రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు, కుండీకి ఒక గుప్పెడు వేపపిండి వేసి, పది రోజులు తడిపి ఉంచి విత్తితే చాలు. బెండ గింజలు రాత్రంతా నానబెట్టి అంగుళం లోతున పెట్టాలి. ఎరువు మాగకపోతే చెదలూ వేరుపురుగూ వస్తాయి, వాటికోసం మళ్లీ పురుగుమందు గుళికలు కొనిపిస్తారు. ఫోరేట్ గుళికలను 2020 డిసెంబరు 31 తర్వాత వాడకూడదు. కార్బోఫ్యూరాన్ గుళిక ఒక్కటి చాలు, గింజ అనుకుని ఏరుకున్న చిన్న పిట్ట ప్రాణం తీయడానికి. కుండీల్లో వాటికి చోటే లేదు.

నెమళ్లకు అడ్డంగా కట్టే నైలాన్ వలతోనూ జాగ్రత్త. చిటికెన వేలు దూరే కన్నుంటే జెర్రిపోతు తల దూరుతుంది, పొలుసులు వెనక్కి రానివ్వవు, గింజుకున్న కొద్దీ దారం ఒంట్లోకి కోస్తుంది. సన్న కన్ను వల కొనండి, బిగుతుగా కట్టండి, అడుగున నేల మీద కుప్పగా వదలకండి. పాము చిక్కుకుంటే చేత్తో తీయబోవద్దు. కుక్కను లోపల కట్టేసి, దూరం నుంచి కన్నేసి ఉంచి, అటవీశాఖకో, 1995 నుంచి ఈ పని చేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో ఫోన్ చేయాలి. కర్ర తీశారంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నేరం.

కాలనీ సంఘాలకూ మున్సిపల్ అధికారులకూ మేము అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. మందు పెట్టడానికి మూడు రోజుల ముందు గేటు దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలి. ఏ మందు, ఎన్ని డబ్బాలు, ఎక్కడెక్కడ, ఎప్పుడు తీసేస్తారు, విరుగుడు ఏమిటి, ఇవి ఉంటే చాలు. విడి మందును కాగితంలో పొట్లం కట్టి అమ్మే దుకాణాలను తనిఖీ చేయాలి. పురుగుమందుల చట్టం, 1968 ప్రకారం డబ్బా మీద ఉండాల్సిన హెచ్చరిక, విరుగుడు వివరం ఆ పొట్లం మీద ఉండవు. పశువైద్యుడికి ముందుగా కావాల్సింది ఆ రెండు వరుసలే. ప్లాటు యజమానులకు పంపే నోటీసులో ‘శుభ్రం చేయించండి’ అని వదిలేయకుండా ‘కాల్చకుండా’ అన్న మాట కూడా చేర్చాలి.

– పెరటి, మిద్దెతోటల పెంపకందారులు,
అమీన్‌పూర్, సంగారెడ్డి జిల్లా