ధ్రువపత్రాలు తాకట్టు వస్తువులా?

సంపాదకులకు నమస్కారం.

ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిల గురించి పత్రికల్లో తరచూ వార్తలు వస్తున్నాయి గానీ, అవన్నీ ప్రభుత్వం కళాశాలలకు ఎంత చెల్లించాలన్న లెక్క దగ్గరే ఆగిపోతున్నాయి. ఆ బాకీకి పూచీగా విద్యార్థి టీసీ, మార్కుల జాబితాలు కళాశాల బీరువాలో ఉండిపోతున్న సంగతిని మీ పాఠకుల దృష్టికి తేవడానికే ఈ ఉత్తరం.

మాది సోంపేట. 2024లో మా వీధిలో ఒక అమ్మాయి ఒక ప్రైవేటు కళాశాలలో బీఎస్సీ పూర్తిచేసి, పీజీసెట్ రాసి ఎచ్చెర్లలోని విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుంది. తండ్రి ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వేరావల్‌లో చేపల వేటలో ఉంటాడు. చివరి సంవత్సరం ఫీజు ప్రభుత్వం నుంచి రాలేదు కనుక ఆ మొత్తం కడితేనే టీసీ ఇస్తామని, ప్రభుత్వ సొమ్ము వచ్చాక తిరిగి ఇచ్చేస్తామని కళాశాలవారు చెప్పారు. చేరడానికి గడువు నాలుగు రోజులే ఉండటంతో తల్లి డ్వాక్రా సంఘంలో అప్పు తీసి కట్టింది. ఆమెకు ఇచ్చింది రసీదు కూడా కాదు, తేదీ లేని ఒక చిన్న చీటీ.

నేను కళాశాలలను దుయ్యబట్టడానికి రాయడం లేదు. ఉద్యోగం మొదట్లో నేనూ ప్రైవేటు కళాశాలలోనే పనిచేశాను. ఫీజులు రాని నెలల్లో జీతం కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయితే సొమ్ము చేరే దారిని ప్రభుత్వాలు మార్చిన ప్రతిసారీ మధ్యలో నలిగిపోయింది విద్యార్థే. మొదట కళాశాల ఖాతాకు నేరుగా వెళ్లే ఫీజు 2021 నుంచి తల్లి ఖాతాలో పడింది, తరువాత తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతా తెరవమన్నారు, 2024-25 నుంచి మళ్లీ కళాశాలకే చెల్లిస్తామన్నారు. ఏ పద్ధతి మంచిదన్న చర్చ వేరు. పాత పద్ధతిలో పడకుండా మిగిలిన విడతలకు ఎవరు బాధ్యులో విద్యార్థికి రాతపూర్వకంగా చెప్పేవారు లేకపోవడమే అసలు కష్టం. ఈ-కేవైసీకి వేలిముద్ర వేయాల్సిన తల్లి వలసపనికి చెన్నైలోనో హైదరాబాదులోనో ఉంటే ఆ కష్టం రెట్టింపవుతుంది. మన జిల్లాలో అలాంటి ఇళ్లు ఎన్నో చెప్పనక్కరలేదు.

హాస్టల్ ఖర్చుల సంగతీ అంతే. డిగ్రీ, ఆపై చదువులకు ఏటా 20,000 రూపాయలను రెండు విడతల్లో ఇచ్చేందుకు అప్పటి ప్రభుత్వం జగనన్న వసతి దీవెనను 2020 ఫిబ్రవరి 24న ప్రారంభించింది మన పొరుగునున్న విజయనగరంలోనే. మెస్ బిల్లు మాత్రం నెలనెలా వస్తుంది, విడతల కోసం ఆగదు.

ఇక, తెలియక వదులుకుంటున్నది మరొకటి ఉంది. రీయింబర్స్‌మెంటుకు కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షలు దాటకూడదు కనుక, మూడు లక్షలు సంపాదించే చిన్న ఉద్యోగి పిల్లలు తమకు ఏ సాయమూ లేదనుకొని ఊరుకుంటున్నారు. ఇంటర్మీడియట్‌లో తమ బోర్డు విద్యార్థులలో పై ఇరవై శాతంలో నిలిచి, ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వం డిగ్రీలో ఏటా 12,000, పీజీలో 20,000 రూపాయల ఉపకారవేతనం ఇస్తుంది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో గడువులోగా దరఖాస్తు చేసుకోవాలి. రాష్ట్ర రీయింబర్స్‌మెంటు పొందేవారికి ఇది వర్తించదు కాబట్టి, రెండింటి మధ్య మిగిలిపోయిన ఈ కుటుంబాలకే దాని అవసరం ఎక్కువ. అయినా మా ప్రాంతంలో నేను అడిగిన పిల్లల్లో ఒక్కరికి కూడా దాని పేరు తెలియదు. కళాశాల నోటీసు బోర్డులో ఒక్క కాగితం అంటించడానికి ఏపాటి ఖర్చవుతుంది?

విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ వద్ద అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే చెప్పింది. ప్రభుత్వం ఏ విద్యార్థి తరఫున ఎంత చెల్లించింది, ఎంత మిగిలింది అన్న వివరాన్ని కళాశాల తిరస్కరించలేని పత్రంగా, రీయింబర్స్‌మెంటు వ్యవహారాలు నడిచే రాష్ట్ర ప్రభుత్వ జ్ఞానభూమి పోర్టల్‌లోనే విద్యార్థికి ఇస్తే, బాకీ పడింది ప్రభుత్వమే తప్ప విద్యార్థి కాదని తేలిపోతుంది. అంతవరకూ ఆగనవసరం లేకుండా చేయదగిన పని కూడా ఒకటుంది. శ్రీకాకుళం జిల్లా డిగ్రీ కళాశాలలకు ఎచ్చెర్లలోని డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, ఇంజినీరింగ్ కళాశాలలకు విజయనగరంలోని జేఎన్‌టీయూ-గురజాడ ఏటా అనుబంధ గుర్తింపును పొడిగించే సమయంలో, రీయింబర్స్‌మెంటు బకాయి పేరుతో ఎవరి ధ్రువపత్రాలూ ఆపబోమని, విద్యార్థి చేత ముందుగా కట్టించుకున్న సొమ్ముకు తేదీతో సహా రసీదు ఇచ్చి, ప్రభుత్వ సొమ్ము అందిన నెలలోపు తిరిగి చెల్లిస్తామని యాజమాన్యాల చేత రాయించుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా